మహిళా వసతిగృహం ఫైలు

నేను ఒక ఫైలును. గోధుమరంగు అట్ట, తెల్ల ట్యాగు, పైన 'మహిళా వసతిగృహం - భద్రత' అని ఖుర్షీద్ బేగం గుండ్రటి అక్షరాలు. యూనివర్సిటీ ఆఫీసులో ఆవిడ సూపరింటెండెంటు. నేను పుట్టింది ఆవిడ చేతుల్లోనే.

నాలో మొదటి కాగితం ఆచార్య నిడుమోలు పరాంకుశం ఉత్తరం. అప్పుడాయన వైస్ ఛాన్సలర్. అంతకుముందు ముప్పై ఏళ్లు సివిల్ ఇంజనీరింగు పాఠాలు చెప్పినవాడు. ఆడపిల్లల వసతిగృహానికి స్వయంగా వెళ్లి స్తంభాలను వేలి కణుపులతో కొట్టి చూశాడు. డొల్ల శబ్దం వచ్చింది. పక్కనే ఖాళీగా ఉన్న ప్రభుత్వ అతిథిగృహాన్ని అప్పగిస్తే పిల్లల్ని అక్కడికి మారుస్తామని రాశాడు. వెనక నూట పన్నెండుమంది అమ్మాయిల సంతకాలు జతచేయించాడు.

సచివాలయంలో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి చేరుతూ నేను పద్నాలుగు నెలలు గడిపాను. ఈలోగా వానలు వచ్చి వెళ్లాయి, కట్టడం పడలేదు. పడలేదు కాబట్టి తొందర లేదనుకున్నారు. చివరికి ఉన్నత విద్యాశాఖ కార్యదర్శి ముందుకు వెళ్లేసరికి ఆ కుర్చీలో పరాంకుశమే ఉన్నాడు. ఆయన సమర్థత మెచ్చి ప్రభుత్వం పిలిపించుకుందట.

నేను సంబరపడ్డాను. ఆయన తన ఉత్తరాన్ని తానే ఆసాంతం చదివాడు. ఎదురుగా ఉపకార్యదర్శి సంజీవరాయుడు నిలబడి ఉన్నాడు.

"ఆ అతిథిగృహాన్ని వేరే ఆఫీసుకిస్తామని మంత్రిగారు మాటిచ్చారండి."

"స్తంభాలు బాగాలేవయ్యా. నేనే చూశాను."

"వైస్ ఛాన్సలర్లు ఇలాగే రాస్తారు కద సార్."

పరాంకుశం చిన్నగా నవ్వాడు. ఆయన్ను మళ్లీ వైస్ ఛాన్సలర్‌గా పంపే ఫైలు ఆ వారమే మంత్రి బల్ల మీద ఉంది. మా ఫైళ్లకు ఒకదాని సంగతి ఒకదానికి తెలుస్తుంది. 'యూనివర్సిటీయే వేరే ఏర్పాటు చూసుకోవాలి' అని ఆకుపచ్చ సిరాతో రాసి సంతకం పెట్టాడు.

కొద్ది రోజుల తేడాతో ఆయనా నేనూ యూనివర్సిటీకి తిరిగొచ్చాం. ఖుర్షీద్ బేగం నన్ను ఆయన ముందు పెట్టింది. సంతకం ఎవరిదో చూసింది.

"ఏం చేద్దాం సార్?"

"చూద్దాం."

ఆగస్టులో ఒక పొద్దున, పిల్లలు స్నానాలకు వెళ్లే వేళ, స్తంభం కూలింది. పాడేరు కొండల నుంచి వృక్షశాస్త్రం చదవడానికొచ్చిన కొర్రా బుల్లెమ్మ చనిపోయింది. నాలో ఆమెది నలభై ఒకటో సంతకం.

మర్నాడు ఆయన నన్ను తెప్పించుకున్నాడు. ఆకుపచ్చ సిరా ఉన్న పుట తీసి, బొటనవేలు ట్యాగు ముడి మీద పెట్టాడు.

"నన్ను బయటికి వెళ్లమంటారా సార్?" అంది ఖుర్షీద్ బేగం.

"వద్దు, ఉండండి. మీరు వెళ్తే చింపేస్తాను."

విచారణకు రిటైర్డు జడ్జి వచ్చాడు. "అడిగిందీ నేనే, కాదన్నదీ నేనే" అని పరాంకుశం ఒప్పుకున్నాడు. జడ్జి తలూపి రాసుకున్నాడు. నివేదికలో మాత్రం, యూనివర్సిటీకీ ప్రభుత్వానికీ మధ్య సమన్వయం లోపించిందని, వ్యక్తులెవరూ బాధ్యులు కారని తేల్చాడు.

ఆ నివేదికను ఆయన ఖుర్షీద్ బేగం బల్ల దగ్గర నిలబడే చదివాడు. ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, 'ఆ పిల్ల చావుకు బాధ్యత నాది' అని రాసి, కింద పేరు మాత్రం పెట్టాడు. దాన్ని హైదరాబాదు పంపమని చెప్పి, రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు.

మూడు వారాలకు ఆ కాగితం తిరిగొచ్చింది. దానికి ఒక చీటీ గుచ్చి ఉంది: 'సంతకం కింద హోదా లేదు. ఏ హోదాలో రాశారో తెలియజేయగలరు.'

ఖుర్షీద్ బేగం ఆ రెండింటినీ నాలో చేర్చి, నంబర్లు వేసి, రికార్డు గదిలో పెట్టింది. ఆ చీటీకి ఎవరూ జవాబు రాయలేదు.