గోడ అవతలి దండెం

తన లాండ్రీ పక్కనే మరో లాండ్రీ నడిపే తోడల్లుడంటే పెద్దల్లుడికి కడుపుమంట. వాన పడేలోపే వాడి దండేలు ఖాళీ అయ్యేవి. గుట్టంతా వాడి గోడమీది బారోమీటరులో ఉందని తెలిసి, తనూ ఒకటి కొన్నాడు. గాలి ఒత్తిడి తగ్గితే సూది దిగుతుంది. అలాంటిచోట గాలి పైకెక్కి చల్లబడి, అందులోని ఆవిరి మబ్బు కడుతుంది.

ఒకరోజు పెద్దల్లుడు ఆరేసిన హోటలు దుప్పట్లు సాయంత్రానికి ఇవ్వకపోతే ఆ బేరం తోడల్లుడికే పోతుంది. మధ్యాహ్నం సూది దిగింది. పెద్దల్లుడు గోడమీంచి తొంగిచూశాడు. అవతల తివాచీలు దండెం మీదే ఉన్నాయి. వాడే తీయలేదంటే తన సూదే తప్పనుకుని ఊరుకున్నాడు.

వాన దంచికొట్టింది.

“నీవీ తడిశాయిగా తమ్ముడూ,” అన్నాడు, దుప్పట్లు పిండుకుంటూనే సంబరంగా.

“అవింకా ఉతకలేదన్నయ్యా. వానకి నానతాయని సూది చూసే వేశాను.”

సాయంత్రం హోటలు బండి తోడల్లుడి గుమ్మం ముందు ఆగింది.