చెరిపినా చెరగని నీళ్ళ చిట్టా

పదకొండేళ్ళుగా ఊళ్ళో కుళాయి నీళ్ళు పరీక్షించడమే ఆవిడ ఉద్యోగం. వీధి వీధీ తిరిగి చిన్న బాటిళ్ళలో నీళ్ళు పట్టుకొచ్చి, ఎందులో ఎంత సీసం కలిసిందో చూసి కంప్యూటర్లో ఎక్కించేది. బడి వీధి నీళ్ళలో సీసం ఏటేటా పెరుగుతోందని పైవాళ్ళకి మూడుసార్లు రాసింది. నాలుగోసారి రాసిన మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి బల్ల మీద కంప్యూటర్ లేదు. ఆఫీసు వెబ్‌సైట్లో పాత ఫలితాలూ లేవు.

"అవన్నీ తప్పుల తడకలమ్మా. వదిలేయండి," అన్నాడు పై అధికారి, తలెత్తకుండానే.

పదకొండేళ్ళ చాకిరీ నీటి మీద రాతైపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు మరిది. ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. మొదట్నుంచీ ప్రతి నెలా ఫలితాల కాపీ అడిగి తీసుకుని, "ఓ చోట దాస్తాలే వదినా" అనేవాడు. ఇతని పిచ్చి ఇతనికానందం అనుకుని ఇచ్చేసేది. ఇప్పుడు తిన్నగా కొట్టుకే వెళ్ళింది.

సంగతి విని, చేతిలో విప్పిన ఫోను పక్కన పెట్టాడు మరిది. "పోలేదు వదినా. పోవడానికి ఒక్కచోట ఉంటే కదా."

"మరెక్కడున్నాయి?"

"ముక్కలై లోకమంతా ఉన్నాయి. ప్రతి ముక్కకీ తాళం వేసి ఉంటుంది. తన మిషన్లో ఏముందో దాచినవాడికే తెలీదు. సగంమంది మానేసినా, మిగతా ముక్కలతో మొత్తం అతుక్కుంటుంది."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు మనవెందుకు దాస్తారు?"

అతను బల్ల కింద నుంచి నల్లటి పెట్టె ఒకటి ముందుకి లాగాడు. "నేనూ వాళ్ళవి దాస్తున్నానుగా. దాచినందుకు మా అందరి నెట్‌వర్క్ నాకు డిజిటల్ నాణేలిస్తుంది. అవే నీవి దాచేవాళ్ళకి పోతున్నాయి. మధ్యలో బ్యాంకూ లేదు, అధికారీ లేడు."

ఆ ముక్కల తాళం తీసే పన్నెండు రహస్య మాటలూ టైపు చేశాడు. తెర మీద ప్రపంచపటం వచ్చింది. సముద్రాల అవతల ఒక చుక్క వెలిగింది. తర్వాత పది. తర్వాత లెక్కకందలేదు. ఒకచోట తెల్లవారుతుంటుంది, ఒకచోట మంచు కురుస్తుంటుంది. అక్కడెవరి ఇంటి మూలనుంచో ఆవిడ బడి వీధి కుళాయి లెక్క తిరిగి వస్తోంది. మొదటి ఏడాది ఫలితాల పేజీ తెరుచుకుంది. 'వీధి' బదులు 'విధి' అని ఆవిడ కొట్టిన తప్పు కూడా అలాగే ఉంది. కళ్ళు చెమర్చాయి.

మెల్లిగా వంగి నల్ల పెట్టె మీద చెయ్యి వేసింది. గోరువెచ్చగా ఉంది. ఇందులో ఎవరి ఉత్తరాలున్నాయో, ఏ తల్లి దాచుకున్న ఫోటోలున్నాయో. గుళ్ళో నిలబడ్డట్టుంది.

"అందరూ చదివేలా తాళం తీసెయ్," అంది చివరికి.

వారం తిరగకుండా బడి పిల్లల తల్లుల ఫోన్లన్నిట్లో ఆ ఫలితాలే. అధికారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఈసారి గొంతు తగ్గింది. "వాటిని తీసేయండమ్మా. ఎక్కడ పెట్టారసలు?"

"నాకూ తెలీదు సార్," అందావిడ. అది నిజమే.

ఆవిణ్ణి ఆ ఉద్యోగం నుంచి వేరే సెక్షన్‌కి మార్చారు. కానీ రెండు నెలలకి బడి వీధి తవ్వారు. మట్టిలోంచి పాత సీసపు గొట్టాలు ఒక్కొక్కటీ పైకొస్తుంటే, తల్లులందరి మధ్యా నిలబడి చూసింది.