అచ్చుకు పోయిన ఫైలు

"నువ్వు లేసి లోపలికి పో. మిగిలింది నేను చూసుకుంటా," అన్నాడు నా భర్త హజరత్‌వలి, నా కుర్చీ వెనక నిలబడి.

కదిరి నుంచి ఆడబిడ్డ షహీన్ మొగుణ్ణి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళింకా చెప్పులు విడుస్తుండగానే అత్త లోపలినుంచి నన్ను కేకేసింది. చేస్తున్న ఫైలు సేవ్ చేసి లేచాను. బియ్యం కడుగుతున్నా మనసు తెరమీదే ఉంది. టీచరు మాధవి పుస్తకం దాదాపు అయిపోయింది. చివర్లో రెండు ఫొటోలు సరిచూసుకుంటే ప్రెస్సుకు ఇచ్చేయవచ్చు.

హిందూపురం బస్టాండు వెనక వీధిలో మా ఇంటి ముందుగదే మా నెట్ సెంటరు. మొదట అది ఎస్టీడీ బూత్. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి బూత్ ఈగలు తోలుకుంటున్నప్పుడు హజరత్‌వలి కంప్యూటర్లు కొన్నాడు. వాటితో పని చేయడం మాత్రం నాకే వచ్చు. పెళ్ళికి ముందు పెనుకొండలో మా నాయన నన్ను కంప్యూటర్ కోర్సులో చేర్పించాడు. 'పెండ్లయ్యే పిల్లకు ఇదెందుకు' అన్నవాళ్ళకు ఆయన జవాబు కూడా చెప్పలేదు. పెళ్ళి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, పరీక్ష ఫలితాలు అన్నీ నేనే చేసేదాన్ని. బోర్డుమీద పేరు హజరత్‌ది. 'హజరత్ అన్న దగ్గర పని నీటుగా ఉంటాది' అని ఊళ్ళో పేరు కూడా ఆయనదే. నేను ఒక పెళ్ళి పత్రికలో పేర్లు సరిదిద్దుతుంటే ఆయన కౌంటర్ దగ్గర కూర్చుని, "మావోళ్ళు టైప్ కొడతాండారులే, డిజైనంతా నాదే," అని చెప్పడం నా చెవినే పడేది. మొదట్లో నవ్వొచ్చేది. తరువాత అలవాటైంది. ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక పరదా. ఆ పరదా అవతలికీ ఇవతలికీ తిరగడమే నా రోజు. కూరలో ఉప్పు ఎక్కువైతే "నీ ధ్యాసంతా ఆ పెట్టెమీదే" అనేది అత్త. పని ఆలస్యమైతే "నీ ధ్యాసంతా పొయ్యిమీదే" అనేవాడు ఆయన. అలసిపోయానని ఒకసారి నోరుజారి అంటే, "ఫ్యాను కింద కూచుండేదానికి అలసటేంది మే?" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

మాధవి ధర్మవరం అమ్మాయి. హిందూపురంలో టీచరుగా చేస్తూ రోజూ రైల్లో వచ్చిపోయేది. ఇంటర్నెట్‌లో తెలుగులో బ్లాగు రాసేది. అంతా ధర్మవరం మగ్గాల ఇళ్ళలోని ఆడవాళ్ళ గురించి. వాళ్ళ అమ్మ వెంకటమ్మ గురించి, పక్కింటి అంకమ్మ గురించి, వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే. ఒకరోజు మా సెంటరుకు వచ్చి, ఆ బ్లాగును పుస్తకంగా వేయాలనుందని చెప్పింది.

"దేశంలో యాడయాడోళ్ళో చదివి బాగుందని రాస్తాండారక్కా. ఎవురి గురించి రాసినానో వాళ్ళు మాత్రం చూల్లేదు. కంప్యూటర్ చూపిస్తే మా అమ్మ, 'ఆ ఎలుతురు నా కండ్లకు పడదు, కాగితంమీదుంటే ఇయ్యి' అంటాది."

ధర్మవరంలో ఆడవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి పుస్తకాలు వాళ్ళ చేతికే ఇవ్వాలని ఆమె ఆశ. అచ్చు వేసేది మా ఊళ్ళోనే, చంద్రప్ప ప్రెస్సు. ఆయనకు అచ్చుకు సిద్ధంగా ఉన్న పీడీఎఫ్ ఇస్తే చాలు.

వినడానికి తేలిక. వెబ్ పేజీ తెరకోసం చేసింది. దానికి కొస ఉండదు, కిందికి జరుపుకుంటూ పోవడమే. పుస్తకం పేజీకి కొస ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆగాలి. ఎక్కడ ఆగితే చదివేవాళ్ళకు మాట తెగదో చూసుకోవాలి. పక్కనుండే మెనూలు, పైన రంగు పట్టీలు, కింద సైటు చిరునామా, తేదీ అన్నీ తీసేయాలి. కుట్టు పడే వైపు ఖాళీ ఎక్కువ వదలాలి. అక్షరాల ఫాంటును ఫైల్లోనే పొదగకపోతే ప్రెస్సులో ఒత్తులు ఒకవైపు, అక్షరాలు ఒకవైపు పడతాయి. తెరమీద తళతళలాడే ఫొటో కాగితంమీద మసకబారుతుంది. అందుకే మాధవిని అడిగి కెమెరాలోని అసలు ఫొటోలు సీడీలో తెప్పించుకున్నాను.

ఒక్కో పేజీ సర్దుతూ చదివాను. చదవకుండా సర్దడం కుదరదు. వెంకటమ్మ ఒకచోట అంటుంది: 'మా ఆయన చీర నేసినాడంటారు. కండెలు చుట్టింది నేను, ఆసు పోసింది నేను, తెగిన పోగు అతికింది నేను. చీర మాత్రం ఆయన నేసినాడు.' ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కరెంటు కోత ఉండే వేళలు తప్పించి, వంట అయ్యాక, బట్టలు ఆరేశాక, పిల్లవాడు స్కూలుకు వెళ్ళాక ఆ పని చేసుకున్నాను. అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు.

షహీన్ వాళ్ళకు వండి, వడ్డించి, గిన్నెలు తోమి, సాయంత్రం వాళ్ళను బస్సెక్కించి వచ్చేసరికి హజరత్‌వలి ఉత్సాహంగా ఉన్నాడు.

"ఆ టీచరమ్మ పని చంద్రప్పకు ఇచ్చేసొచ్చినా."

"ఏ ఫైలు ఇచ్చినావు?"

"ఏ ఫైలేంది? సైటు తెరిచి ప్రింట్ కొట్టి పీడీఎఫ్ చేసినా. పది నిమిషాల పని. నువ్వు నెలల తరబడి సాగదీస్తాండావు."

నా ఫైలు ఎక్కడుందో ఆయన అడగలేదు. అడగడానికి లోపలికి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. "అది ఇయ్యకూడదు, నాది ఇంకొకటుంది," అన్నాను. ఆయన చెయ్యి ఊపాడు. "చంద్రప్ప ఒకసారి చూసుకుంటాడులే. మాటిమాటికి మారిస్తే మన పరువు పోతాది." చంద్రప్ప ఫోన్ నంబరు ఆయన సెల్లులో ఉంది. నాకు సెల్లు లేదు. మరునాడు ప్రెస్సుకు వెళ్తానంటే, "ఆడోళ్ళు పొయ్యే చోటా అది?" అని అత్త అడ్డుపడింది.

కొన్నాళ్ళకు చంద్రప్ప పుస్తకాల కట్టలు ఆటోలో మా ఇంటికే తెచ్చాడు. మాధవి వాళ్ళమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నేను టీ తీసుకుని పరదా దాటేసరికి ముందుగదిలో ఒక కట్ట విప్పి ఉంది. మాధవి పుస్తకం తిప్పుతోంది. ప్రతి పేజీ అడుగున సైటు చిరునామా, తేదీ. కుడివైపు వాక్యాలు సగానికి తెగిపోయాయి. ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. వెంకటమ్మ తన ఫొటో ఉన్న పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది నేనేనా పాపా? మసి పూసినట్టుండాదే," అంది.

"నాకిచ్చింది నేను ఏసినానమ్మా," అన్నాడు చంద్రప్ప ఇబ్బందిగా. "సైటు ఇట్లే ఉంటాది, అట్లే ఎయ్యి అన్న్యాడు ఈ అబ్బ. మళ్ళా ఎయ్యాలంటే దుడ్లు ఎవురిస్తారు?"

హజరత్‌వలి గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లోది చేసింది మేడం. ఆడోళ్ళ చేతికిస్తే ఇంతే. నేను చూసుకోవాల్సింది, టైము లేకపోయె."

చేతిలో ట్రే ఉంది. ఆయన అబద్ధం ఆడాడని కాదు నా బాధ. ఇన్నేళ్ళుగా ఈ గదిలోంచి బయటికి పోయిన ప్రతి మంచి కాగితం మీదా ఆయన పేరుంది. ఆ పని చేసే మనిషి ఒకతె ఉందని ఆయన ఊరికి చెప్పింది ఇప్పుడే, పాడైపోయినదాన్ని ఆమె నెత్తిన పెట్టడానికి. ఊరుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. రాత్రికి అన్నం పెడతాను, ఆయన తింటాడు, ఇది కూడా అలవాటవుతుంది. మాధవి నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. ఆ చూపు లేకపోతే నేను నోరు తెరిచేదాన్నో కాదో.

ట్రే కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. నా ఫైలు తెరిచాను.

"మాధవీ, నేను చేసింది ఇది. నీ చేతిలో ఉండేది ఆయన చేసినాడు. ఇది ఉండాదని చెప్పినా ఇననే లేదు."

మాధవి వచ్చి వంగి చూసింది. వెంకటమ్మ కూడా లేచి వచ్చింది. తెర వెలుతురు కళ్ళకు పడదన్న మనిషి, చెయ్యి అడ్డం పెట్టుకుని తన ఫొటోను చూసుకుంది. ముఖం మీద ముడతలు, రాట్నం మీద చెయ్యి, దారం కూడా తెలుస్తోంది.

"నీ పేరేంటిదమ్మా?" అంది.

"జమ్రూద్."

చంద్రప్ప చేతిలోని పుస్తకం కట్టమీద పెట్టి, "ఆ ఫైలు ఇయ్యమ్మా, మళ్ళా ఏస్తా. కాగితం ఖర్చు సంగతి నేనూ మీ ఆయనా చూసుకుంటాం," అన్నాడు. హజరత్‌వలి కౌంటర్ మీదున్న పెన్నులు సర్దుతూ నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళాక గొడవైంది. "నలుగుర్లో నా పరువు తీస్తివి," అన్నాడు. "మొగోడు ఒక మాటంటే ఓర్చుకోవాల," అంది అత్త. నేను చేయనిది చేశానంటే ఎందుకు ఓర్చుకోవాలని అడిగాను. రేపటినుంచి కంప్యూటర్ ముట్టవద్దని ఆయన తేల్చి చెప్పాడు.

ముట్టలేదు. వచ్చినవాళ్ళను ఆయన 'రేపు రాండి' అని తిప్పి పంపడం వంటింట్లోంచి వింటూ ఉన్నాను. నేను బతిమాలాలని ఆయన ఎదురుచూస్తున్నాడని తెలుసు. నాకు బతిమాలాలనిపించలేదు. ధర్మవరంలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి పుస్తకాలు పంచే రోజుకు మాధవి రమ్మని కబురు పంపింది. ఇంట్లో పంపలేదు. కొత్తగా అచ్చయిన పుస్తకం ఒకటి వెంకటమ్మ నాకు పంపించింది.

ఒకరోజు చంద్రప్ప మళ్ళీ వచ్చాడు. పరదా వెనక ఉన్నాను.

"ఏమబ్బా హజరత్తూ, మీ ఆయమ్మను మా ప్రెస్సులో పనికి పంపిస్తావా? పని చేసే ఆడపిల్లలు ఇద్దరుండారు, ఈమె నేర్పిస్తే బాగుంటాది."

"మా ఇంటి ఆడోళ్ళు బయట పని చెయ్యరన్నా. ఆమెకు ఇష్టముండదు."

ఆయన వెనక్కి తిరిగి నన్ను పిలవనైనా లేదు. నా ఇష్టం ఆయన నోట్లోంచే వచ్చి, అక్కడే అయిపోయింది. చంద్రప్ప చెప్పులు వేసుకుంటున్న చప్పుడు విన్నాను. మరునాడు పిల్లవాణ్ణి స్కూల్లో వదిలి, ఇంటికి రాకుండా నేరుగా ప్రెస్సుకు వెళ్ళాను. పనికి వస్తావా అన్న ఆ మాట నాతోనే అనమని చంద్రప్పను అడిగాను. ఆయన అన్నాడు. వస్తానన్నాను.

సోమవారం పొద్దున వంట ముగించి, మంచి చీర కట్టుకుని బయటికి వచ్చాను. ముందుగదిలో పెళ్ళి పత్రిక కోసం ఎవరో ఒకాయన కూర్చుని ఉన్నాడు. హజరత్‌వలి మౌస్ పట్టుకుని నావైపు చూశాడు. అప్పటికే ఆయనకు సంగతి తెలుసు. రాత్రంతా అరిచి, తెల్లవారి గొంతు తగ్గించాడు.

"సరే, కంప్యూటర్ ముట్టద్దంటి, ముట్టుకో. ఈడే చేసుకో, ఎవురొద్దన్నారు?" అన్నాడు.

"చంద్రప్పన్నకు వస్తానని చెప్పినా."

"నువ్వు ఆడికి పోతే మరి ఈడ ఎవురు చేస్తారు?"

"ఎవర్నన్నా పెట్టుకో," అన్నాను. "కాకపోతే వాళ్ళకు జీతమియ్యాల."