అట్రాక్టివ్‌లీ సర్దిన ఇల్లు

ఇల్లు చూడ్డానికి సాయంత్రం మనుషులొస్తున్నారని భర్త పొద్దున పళ్లు తోముకుంటూ చెప్పాడు. "కాస్త అట్రాక్టివ్‌లీ సర్దు. నీకు చేతనైన పనేగా." అమ్మేస్తున్నామా అని ఆమె అడిగేలోపు నోరు పుక్కిలించి వెళ్లిపోయాడు.

అట్రాక్టివ్‌లీ అన్న ఆ మాట ఆమెదే మరి. ఇళ్లు అమ్మిపెట్టే ఆఫీసులో ప్రకటనలు రాయడం ఆమె ఉద్యోగం. ఇరుకు వంటగది అట్రాక్టివ్‌లీ కాంపాక్ట్, వెలుతురు రాని పడగ్గది అట్రాక్టివ్‌లీ కూల్. ఆమె రాశాక ఎంత పాడుకొంపైనా ముస్తాబై కూర్చుంటుంది. చెమ్మ పట్టిన గోడకి బీరువా అడ్డం పెట్టమని చెప్పేదీ ఆమే.

ఇవాళ సొంత కొంపకే వచ్చింది ఆ పని. ఆడపడుచు ఇంటి పక్కన పెద్ద ఇల్లు చూశారట. "అక్కడ నీకు వంటగది ఇంతకి రెండింతలు," అంది అత్తగారు, వరమిచ్చినట్టు. మరి కిటికీ ఉన్న ఈ చిన్న గది, అని అడిగింది ఆమె. పనంతా అయ్యాక తలుపేసుకుని, ఎవరికీ ఏమీ అందించకుండా ఆమె కూర్చునే చోటు ఇదొక్కటే. "స్టోర్ రూమ్ కోసం ఏడుపేంటి?" అన్నాడు భర్త, చెప్పులేసుకుంటూ.

అయినా చేతులు మాత్రం ఊరుకోలేదు. తుడిచింది, కడిగింది, దుప్పట్లు మార్చింది, హాల్లో చెమ్మ పట్టిన గోడకి అడ్డంగా బీరువా జరిపింది. లిఫ్ట్ ఆగిన చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు చూసింది. ఇంత చక్కగా సర్దితే అమ్ముడుపోదూ, పిచ్చిదానా, అనుకుంది. అనుకుంటూనే దిండు గలీబు సరిచేసింది.

సాయంత్రం వచ్చినావిడ గదులన్నీ చూసి, "ఎంత అట్రాక్టివ్‌లీ ఉంచుకున్నారండీ," అంది.

"మా ఇల్లెప్పుడూ ఇలాగే ఉంటుందండీ," అన్నాడు భర్త.

ఆవిడ చిన్న గది తలుపు తోసింది. "ఇదెవరి గది?"

"ఎవరిదీ కాదండీ. స్టోర్ రూమ్."

ఇంటి కాగితాల మీద ఆమె పేరు కూడా ఉంది. ఆ సంగతి ఆయనకి రిజిస్ట్రేషన్ రోజున గుర్తొస్తుంది. ఇక్కడ సంతకం పెట్టు అని వేలితో చూపిస్తాడు. ఆమె పెట్టేస్తుంది. ఇన్నేళ్లూ చేసింది అదేగా. ఆ భయంతోనే హాల్లోకి వెళ్లి బీరువాకి భుజం ఆనించి పక్కకి నెట్టింది. నేల దగ్గర్నుంచి నడుమెత్తు దాకా నల్లటి చెమ్మ. పెచ్చులూడి సున్నం రాలింది.

"ఏంటే ఇది?" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

ఆమె వచ్చినావిడ వైపు తిరిగింది. "మా ఇల్లెప్పుడూ ఇలాగే ఉంటుందండీ. ఆ గది నాది. సంతకం నేను పెట్టను."