గుమ్మడి గింజల అక్షరాలు

మా ఇంట్లో అత్తాకోడళ్ళం మాట్లాడేది ఒకే స్లోవేన్ భాష, చదివే అక్షరాలు మాత్రం వేరు. మా అత్త ఊర్షా నేర్చినవి పాత కాలానివి, నాకు బడిలో నేర్పినవి వాటి తర్వాత వచ్చినవి. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఊరి ప్రార్థన పుస్తకం నా అక్షరాల్లో అచ్చయింది. అప్పటిదాకా ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సుకాలం ఆదివారాల్లో చర్చిలో సిలువమార్గం ప్రార్థన చదివి ఊరిచేత చెప్పించేది మా అత్తే. ఆ పుస్తకం వచ్చాక మొదటి ఆదివారం దాన్ని నా చేతిలో పెట్టి, వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది.

ఇప్పుడు నా అక్షరాలకూ కాలం చెల్లింది. మూడో రకం వచ్చింది.

"తపస్సుకాలం నాటికి కొత్త పుస్తకం చదవడం నీకు రాకపోతే పిండిమర బార్బారా చదువుతుందమ్మా," అన్నారు ఫాదర్‌గారు.

ఏడాది పొడుగునా ద్రాక్షతోటలో నడుం విరిగేలా పనిచేసేదాన్ని. ఊరంతా నా గొంతు వినేది ఆ కొన్ని ఆదివారాలే. అవీ పోతాయని ఇంటికొచ్చి అత్తతో చెప్పుకున్నాను.

చలికాలం సాయంత్రాలు నూనె కోసం గుమ్మడి గింజలు ఒలుస్తాం. ఒకనాడు ఒలుస్తూ ఒలుస్తూ, అత్త బల్ల మీద గింజలు వరసగా పేర్చింది.

"ఇదేంటో చెప్పవే నేజా."

"గింజలు."

"నీ మొహం! కొత్త అక్షరమే అది."

"నీకెలా వచ్చత్తా?"

"పొలోనా నేర్పింది."

పొలోనా ఫాదర్‌గారి వంటమనిషి. ఒక కోడిపెట్ట దగ్గర మొదలైన తగవుతో వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆవిడ ఎదురొస్తే అత్త దారి మార్చేది.

"దాని గడప తొక్కావా నువ్వు!"

"తొక్కాను. సీసాడు నూనె కూడా ఇచ్చుకున్నాను. కాటికి కాళ్ళు చాపుకుని అక్షరాలేంటే అని ఎకసెక్కాలాడింది. ఆడనీ." అత్త మరో గింజ జరిపింది. "చేతిలోంచి పుస్తకం పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీకెందుకే ఆ బాధ?"

నాకు ఏడుపు ఆగలేదు. "ఏడుపు తర్వాత, ముందు ఇది చదువు," అంది. చలికాలమంతా గింజలతోనే నేర్పింది. తప్పు చదివితే నెత్తిన మొట్టేది.

తపస్సుకాలం మొదటి ఆదివారం కొత్త పుస్తకం నేనే చదివాను. సగం దాకా వచ్చి ఆగాను. బార్బారా మెడ నిక్కించి చూసింది. నేను నేరుగా వెనక బల్ల దగ్గరికి నడిచి, పుస్తకం అత్త ఒళ్ళో పెట్టాను.

"మిగతాది నువ్వు చదువత్తా. ఇప్పుడు నీకూ వచ్చుగా."

అత్త పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కన కూర్చున్నావిడ వైపు తిరిగింది.

"కాస్త జరుగవే పొలోనా, వెలుతురు పడటం లేదు," అని చదవడం మొదలుపెట్టింది.