పదకొండో కేసు

సత్యవేణి బీరకాయలు చెక్కు తీస్తుంటే, భర్త జగదీశ్వరరావు కంప్యూటర్ గదిలోంచి కేకేశాడు. "యావరేజీలు తీసేవా?"

పెళ్లయిన ఏడాదే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే ఉద్యోగం మాన్పించిన మనిషి, తన పరిశోధన వ్యాసానికి లెక్కలు కావలసొచ్చేసరికి ఆమె ఎమ్మెస్సీని అటక మీంచి దింపాడు. పెద్దపేగు వాపుతో బాధపడే ఇరవై మంది. కొత్త మందు వాడక ముందు, వాడిన తర్వాత పేగు ముక్కల స్లైడులు చూసి పేథాలజిస్టయిన ఆయనే గ్రేడులు వేశాడు. సున్నా అంటే వాపు లేదు, నాలుగంటే పుండు. పదకొండో కేసు సత్యవేణే. ఆమె గ్రేడు రెండు నుంచి నాలుగైంది. ఆ సంగతి ఆయన ఇంటికొచ్చి చెప్పలేదు, "పర్లేదు, తగ్గుతాది" అన్నాడంతే. నిన్న అంకెలు ఎక్కిస్తుంటే తెలిసింది. ఆ మందే ఇప్పటికీ మింగుతోంది. అత్తగారు కాసులమ్మకైతే అసలు జబ్బే కనబడదు. "ఎప్పుడు సూసినా బాత్రూములోనే ఉంటాది. పని తప్పించుకోడానికి" అని కశింకోట చుట్టాలందరికీ చెప్పింది.

చేతులు కడుక్కుని వెళ్లి ఆయన కుర్చీ పక్కన నిలబడింది. ఇవాళైనా ఆ మందు మాన్పిస్తాడేమోనని ఆశ.

"వీటికి సగటు తియ్యకూడదండీ. మన మార్కెట్లో ఒకటో రకం బెల్లం దిమ్మ, మూడో రకం దిమ్మ కలిపి రెండూ రెండో రకమే అంటే ఒప్పుకుంటారా? ఎందరికి తగ్గిందో, ఎందరికి ముదిరిందో విడిగా చెప్పాలి."

"అందరూ సగటే రాత్తారు. నువ్వేటి కొత్తగా? ఆ పదకొండోది తీసెయ్, లెక్కంతా పాడుచేత్తంది. ఆ పేషెంటు మందు సరిగ్గా వేసుకోలేదని రాసేను."

"ఒక్కపూట మానలేదండీ. ఆ పేషెంటు నేను."

"తెలుసు," అన్నాడు కాగితం తిప్పుతూ. "బీరపొట్టు పారెయ్యకు. అమ్మ పచ్చడి అడిగింది."

ఆమెకి కోపం రాలేదు, దానికే భయమేసింది. ఇన్నాళ్లూ ఆయనకి అర్థం కావడం లేదనుకుని, ఎలా చెప్తే అర్థమవుతుందా అని మాటలు వెతుక్కుంది. ఆ ఓపికంతా దేనికోసమో.

కూర్చుని ఆ వరస చెరిపేసింది. సగటు ఆయనకి కావలసినట్టే దిగింది. కడుపులో మెలిపెడుతుంటే, చేత్తో నొక్కుకుని వంటింట్లోకి వెళ్లి పొట్టు వేయించింది.

అన్నాల దగ్గర ఆయన అడిగాడు, "కడుపునొప్పి ఎలాగుంది?"

"బాగానే ఉంది," అంది సత్యవేణి. ఇంకెప్పుడడిగినా ఆ మాటే చెప్పాలని అప్పటికే అనుకుంది.