లేబుల్ లేని డబ్బాలు

తొమ్మిదింటికల్లా హాలు అప్పజెప్పాలి. ఆలోపు కుర్చీలన్నీ బయటికి మోయాలి. వాక్యూమ్‌తో పొడి దుమ్ము లాగాలి. కార్పెట్‌ను ఒక మూల తడిపి, తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో చూడాలి. సబ్బు మందు చల్లాలి. బ్రష్ మిషన్ తిప్పాలి. వేడినీళ్ల మిషన్ ట్యాంకులో పులుపు మందు, అంటే పలచటి యాసిడ్, కలిపి కొట్టాలి, ఆ మురికినీళ్లను వెంటనే వెనక్కి లాగాలి. బ్లోయర్లు పెట్టి ఆరబెట్టాలి. వీటన్నిటికంటే ముందు మా పెద్దమ్మ డబ్బాల మూతలు తీసి వాసన చూడాలి.

ఈ వాసన చూసే పని మా కాంట్రాక్టర్ పుణ్యం. మందుల డబ్బాలు గోడౌనుకు రాగానే వాటి మీది లేబుళ్లు గీకించేసేవాడు. పేర్లు తెలిస్తే రేపు మీరే సొంతంగా పనులు పట్టుకుంటారు అనేవాడు. అన్నీ ఒకే రకం తెల్ల డబ్బాలు. ఏది సబ్బో, ఏది పులుపో, ఏది మరకలు పోగొట్టే బ్లీచో పెద్దమ్మ ముక్కే చెప్పాలి. పదిహేనేళ్లుగా ఆమె మాట మీదే మా పని నడిచింది. పనిలో అందరం వరసలు పెట్టి పిలుచుకుంటాం. బ్రష్ మిషన్ తిప్పే మామ అయితే, అక్క ముక్కును మ్యూజియంలో పెట్టాలి అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది.

మా ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది నేనే. డిగ్రీ పాసై రెండేళ్లు ఉద్యోగం దొరక్క, చివరికి ఆమె వెంటే ఈ పనికి వచ్చాను.

ఆ రోజు మేం చేస్తున్నది కిటికీ అద్దాలు తెరుచుకోని మీటింగ్ హాలు. ట్యాంకులో పులుపు కలిపిన నీళ్లు సగం ఉన్నాయి. ఇంకాస్త పులుపు కావాలంటే పెద్దమ్మ మరో డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇదే అని పోసింది. అది బ్లీచ్. ఆ రెండూ కలిస్తే పుట్టేది విషవాయువు. కళ్లు మండిపోయాయి. ఊపిరి పీలిస్తే గొంతు కోసుకుపోతోంది. పైపు పట్టుకునే వదిన కూలబడింది. పెద్దమ్మ ఆమెను తలుపు దాకా ఈడ్చుకొచ్చి నా మీదికి తోసింది. హాలు ఆ చివర మామ ఉన్నాడు, మిషన్ మోతలో అతనికి మా కేకలు వినబడలేదు. ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది. మామ బయటికి వచ్చాడు. ఆమెను మేం మోసుకొచ్చాం.

మూడో రోజు ఆస్పత్రిలో నన్ను దగ్గరికి పిలిచింది. ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పింది.

"ఏడాదైందిరా నాకు వాసనలు తెలీక. వేలికి రాసుకుని చూసి, ఏదో అటూ ఇటూగా చెప్పుకొస్తున్నా. బయటపడితే తీసేస్తాడని."

కిందటి నెల ఇంట్లో ఆమె పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పాలు మాడిపోయాయి. కాపలా బాగా కాశావు పెద్దమ్మా అని నేను ఎగతాళి చేశాను. ఆస్పత్రిలో నాతో ఇది చెప్పిన సాయంత్రమే ఆమె పోయింది. ఆ మాట వెనక్కి తీసుకునే వీలు లేకుండా పోయింది.

దహనం జరిగిన మర్నాడు కాంట్రాక్టర్ గోడౌనుకు వచ్చాడు. ఆమె అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందని రాసి, అందరం సంతకాలు పెట్టాలన్నాడు. పెట్టనివాళ్లు రేపటి నుంచి రానక్కర్లేదు. "చదువుకున్నవాడివి, నువ్వే రాయవోయ్" అని తెల్లకాగితం నా చేతిలో పెట్టి వెళ్లాడు.

పద్దెనిమిది మందిమి డబ్బాల మధ్య కూర్చున్నాం. ఆమె చెప్పింది దాచాలనుకున్నాను. దాచలేక చెప్పేశాను.

ముందు వదినే అంది. "అయితే తప్పు పెద్దక్కదేగా. చచ్చినోళ్లకు ఉద్యోగం పోదు. బతికున్నోళ్లకు పోతుంది."

"ఆ ముక్కు ఎవడు తిన్నాడమ్మా?" అన్నాడు మామ. ఆ విషవాయువుకు గొంతు ఇంకా పూడుకుపోయే ఉంది. "ఒక చిన్న కాగితం చెయ్యాల్సిన పని పదిహేనేళ్లు ఆవిడ ముక్కుతో చేయించారు. మనమూ చేయించుకున్నాం. నవ్వుకుంటూ."

వదిన తల దించుకుంది. తన పసివాడు గుడ్డలు పాడుచేసుకున్నా తనకు తెలియడం లేదని, అత్త తిడితే తెలుస్తోందని చెప్పింది. ఆ వెనక బ్లోయర్లు మోసే ముసలాయన, తనకు సబ్బుకూ కిరసనాయిలుకూ తేడా తెలియక మూడేళ్లయిందన్నాడు. ఒకరి తరవాత ఒకరు చెప్పారు. ఎవరికి వారు, తీసేస్తారనే భయంతో దాచుకున్నదే. లెక్క చూస్తే పదకొండు మందిమి. అందులో నేనూ ఉన్నాను.

అప్పుడు రాశాను. పెద్దమ్మకు వాసన తెలియదని రాశాను. మా పదకొండు మందికీ తెలియదని రాశాను. లేబుళ్లు ఎవరు గీకించారో రాశాను. లేబుల్ లేని డబ్బా ఇక ముట్టుకునేది లేదని రాశాను. మొదటి సంతకం వదిన పెట్టింది. రాయడం రానివాళ్లు వేలిముద్రలు వేశారు.

కాంట్రాక్టర్ చదివి చింపేశాడు. నేను మళ్లీ రాశాను. మర్నాడు పొద్దున ఎవరూ డబ్బా ఎత్తలేదు, గోడౌను గుమ్మంలో కూర్చున్నాం. పోలీసులు వచ్చి, పని ఆపించాడని మామను జీపెక్కించారు. దగ్గుతూనే ఎక్కాడు. మధ్యాహ్నానికి వేరే భవనాల్లో ఇదే పని చేసేవాళ్లు నలభై మంది తమ డబ్బాలు మోసుకొచ్చి మా పక్కన దించారు. వాటికీ లేబుళ్లు లేవు.

ఈ సంగతి రాస్తున్నప్పటికి మామ ఇంకా లాకప్‌లోనే ఉన్నాడు. మేం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం. రేపు పేపర్లో ఆమె గురించి అజాగ్రత్త అనే మాట పడవచ్చు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఊపిరాడని గదిలోకి సాటి మనిషి కోసం తిరిగి వెళ్లిన ఒక మనిషి ఉండేదని గుర్తుపెట్టుకోండి. ఆమెకు వాసన తెలియదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పండి.